ప్లమ్ చెట్లు: ఒకటి పూత రాలుస్తోంది, ఇంకోటి అసలు పూయడమే లేదు

పెరటి_ఫ్రీమాంట్

కాలిఫోర్నియా, ఫ్రీమాంట్. పెరట్లో రెండు ప్లమ్ చెట్లున్నాయి. రెండూ జపనీస్ రకాలే. నర్సరీ చీటీ ప్రకారం ఒకటి ఎలిఫెంట్ హార్ట్, ఇంకోటి శాంటా రోజా. మధ్య దూరం ఇరవై అడుగులు.

ఎలిఫెంట్ హార్ట్‌కి ఎనిమిదేళ్లు. ఫిబ్రవరి చివర్లో కొమ్మ కనబడనంతగా పూస్తుంది. మార్చి మూడో వారానికి పూలన్నీ తొడిమలతో సహా రాలిపోతాయి. చెట్టు మొత్తానికి పది కాయలు నిలిస్తే గొప్ప. శాంటా రోజాకి అయిదేళ్లు, లాన్ మధ్యలో ఉంది. ఏటా నిటారుగా ఆరడుగుల కొమ్మలు వేస్తుంది. జనవరిలో తోటపనివాళ్లు వచ్చి వాటన్నిటినీ సగానికి నరికి గుండ్రంగా చేసి పోతారు. పూత దాదాపు సున్నా. లాన్‌కి వేసే ఎరువే దానికీ పోతోంది. స్ప్రింక్లర్ నీళ్లు రోజు విడిచి రోజు.

పొటాష్ వెయ్యమని ఒకరు, బోరాన్ కొట్టమని ఒకరు, కాండానికి చుట్టూ గాటు పెట్టమని ఇంకొకరు. ఇప్పుడు మే నెల. మొదట దేనితో మొదలుపెట్టాలి?

---

అంటుకట్టు

ఆ మూడూ వద్దండీ. మట్టి పరీక్ష చేయించకుండా పొటాష్ వేస్తే డబ్బు దండగ. బోరాన్ చెట్టుకి కావలసింది చిటికెడే, కాస్త ఎక్కువైతే విషమే. ప్లమ్‌కి గాటు పెడితే అక్కణ్ణించి జిగురు కారుతుంది, తెగులు లోపలికి పోతుంది.

మీరు రెండు సమస్యలు అనుకుంటున్నారు గానీ ఉన్నది ఒకటే. ఎలిఫెంట్ హార్ట్ తన పుప్పొడితో తాను కాయదు, వేరే జపనీస్ రకం పుప్పొడి కావాలి. దానికి జోడీగా నర్సరీవాళ్లు సాధారణంగా చెప్పేది శాంటా రోజానే. జోడీ ఇరవై అడుగుల్లో ఉంది, కాకపోతే పూయడం లేదు. శాంటా రోజాని పూయిస్తే రెండూ కాస్తాయి. శాంటా రోజా ఒంటరిగా ఉన్నా కాస్తుంది కాబట్టి దాని సంగతి దానిదే.

రాలిన పువ్వు చూసి కారణం పట్టొచ్చు. పూరేకులు పోయాక పువ్వు మధ్యలోని కాయ భాగం బియ్యపు గింజంత కూడా ఉబ్బకుండా తొడిమ పసుపుపచ్చబడి రాలితే పుప్పొడి అందలేదన్నమాట. మీరు చెప్పింది సరిగ్గా ఇదే. బఠాణీ గింజంత అయ్యాక రాలితే అది వేరు. కొంత చెట్టు తనంతట తాను దులుపుకునేది, కొంత నీటి ఎద్దడి. పువ్వుని గోటితో నిలువునా చీల్చి చూస్తే మధ్యభాగం నల్లగా ఉందా, అది మంచు దెబ్బ. పూలు గోధుమరంగుకి మాడి రాలకుండా కొమ్మకే అంటుకుని, కింద జిగురు బొట్టు కనిపిస్తే బ్రౌన్ రాట్ అనే బూజు తెగులు, పూత మీద వానలు పడ్డ ఏడు వస్తుంది. నూటికి అయిదో పదో పూలు నిలిచినా చెట్టు నిండా కాపే, కాబట్టి రాలడం చూసి కంగారు పడక్కర్లేదు. ఎప్పుడు, ఏ రూపంలో రాలుతోందన్నదే చూడండి.

శాంటా రోజా దారికి వచ్చేలోపు రెండు పనులు చెయ్యొచ్చు.

ఒకటి, ఎవరింట్లోనైనా శాంటా రోజా గానీ బ్యూటీ అనే ఇంకో జపనీస్ రకం గానీ పూసివుంటే, అప్పుడే విచ్చుతున్న రెండు మూడడుగుల కొమ్మలు నాలుగైదు కోసి, నీళ్లు పోసిన బకెట్‌లో పెట్టి మీ చెట్టు కొమ్మకి వేలాడదీయండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. మిగతాది తేనెటీగలు చూసుకుంటాయి, కాకపోతే ఎండ ఉండి 55 ఫారెన్‌హీట్ దాటితే గానీ అవి సరిగా తిరగవు. బ్రష్‌తో అదే చెట్టు పువ్వు మీంచి అదే చెట్టు పువ్వుకి పులిమితే మాత్రం ప్రయోజనం లేదు, పుప్పొడి ఆ రకానిదే కదా.

రెండోది శాశ్వత మార్గం, ఎలిఫెంట్ హార్ట్ మీదే శాంటా రోజా కొమ్మ అంటుకట్టడం. జనవరిలో చెట్టు నిద్రలో ఉండగా పెన్సిల్ లావు ఏడాది కొమ్మలు కోసి, తడి పేపర్‌లో చుట్టి, జిప్‌లాక్ సంచిలో ఫ్రిజ్‌లో పెట్టండి. అదే అరలో యాపిల్స్ ఉండకూడదు, వాటి నుంచి వచ్చే వాయువుకి మొగ్గలు పాడవుతాయి. మొగ్గలు ఉబ్బే వేళకి మూడు నాలుగు మొగ్గలున్న ముక్కతో చీలిక అంటు కట్టి, పారాఫిల్మ్ అనే సాగే పట్టీ చుట్టండి. ఎండ తగిలే పైకొమ్మలకే కట్టాలి. గుర్తుగా రంగు రిబ్బన్ కట్టకపోతే వచ్చే జనవరిలో మీ తోటపనివాళ్లు మొట్టమొదట నరికేది దాన్నే. అంటుకొమ్మలు కొనక్కర్లేదు. కాలిఫోర్నియా రేర్ ఫ్రూట్ గ్రోయర్స్ అనే పండ్లమొక్కల పెంపకందారుల సంఘం శాఖలు చలికాలం చివర్లో అంటుకొమ్మల మార్పిడి పెడతాయి, అక్కడ దొరుకుతాయి.

---

కొమ్మా_కత్తెరా

పైన చెప్పినదంతా ఒప్పుకుంటూ శాంటా రోజా గురించి నాలుగు మాటలు, ఎందుకంటే పని అంతా దాని దగ్గరే ఉంది.

వచ్చే ఫిబ్రవరిలో విచ్చే పువ్వు ఈ ఎండాకాలంలోనే మొగ్గగా తయారవుతుంది. జపనీస్ ప్లమ్ పూసేది రెండు చోట్ల: నిరుటి కొమ్మల మీద, ఇంకా రెండేళ్లు దాటిన కొమ్మల పక్కన ఒకటి నుంచి మూడు అంగుళాలుండే పొట్టి రెమ్మల మీద. స్పర్స్ అంటారు వీటిని, సన్నగా, కణుపుల మీద కణుపులుగా ఉంటాయి. ఆకుమొగ్గ సన్నగా మొనదేలి ఉంటుంది, పూమొగ్గ బొద్దుగా ఉండి రెండు మూడు గుత్తిగా కూర్చుంటాయి. జనవరిలో చెట్టు దగ్గరకెళ్లి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. కొమ్మలన్నీ సగానికి నరికితే ఆ ఏటి పూమొగ్గల్లో సగం చెత్తబుట్టలోకి పోయినట్టే. పైగా నరికిన ప్రతిచోటా మూడు నాలుగు నిటారు కొమ్మలు లేస్తాయి. వాటి నీడలో కిందున్న పొట్టి రెమ్మలు ఎండిపోతాయి. మళ్లీ జనవరి, మళ్లీ కత్తెర. మీ చెట్టు అయిదేళ్లుగా ఈ గానుగే తిరుగుతోంది.

జూన్‌లో, వాన సూచన లేని వారం చూసుకుని ఇలా చెయ్యండి. చెట్టు నడిమధ్య నుంచి నిటారుగా లేచిన నీటికొమ్మల్ని మొదలంటా తీసెయ్యండి, సగానికి కాదు. గిన్నెలా మధ్య ఖాళీ రావాలి. పక్కలకున్న కొమ్మల్లో నాలుగైదు ఎంచుకుని, నిలువుకి 45 నుంచి 60 డిగ్రీల వాలు వచ్చేదాకా మెల్లగా వంచి, పాత చీర పేలికతో నేలలో కొట్టిన మేకుకి కట్టండి. సన్న తాడైతే బెరడు కోసుకుపోతుంది. వంచిన కొమ్మలో పైకి పోయే ఊపు తగ్గి పక్కమొగ్గలు పొట్టి రెమ్మలుగా మారతాయి. అడ్డంగా పడుకోబెట్టకండి, వీపు మీంచి మళ్లీ నీటికొమ్మలు లేస్తాయి. చలికాలంలో ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి మాత్రం తియ్యాలి.

ఎరువు విషయంలో కొమ్మే కొలబద్ద. కాపుకొచ్చిన చెట్టు ఏడాదికి అడుగు నుంచి అడుగున్నర పెరిగితే చాలు. ఆరడుగులు పెరుగుతోందంటే నత్రజని పొర్లుతోందన్నమాట. మొదలు చుట్టూ నాలుగడుగుల మేర లాన్ తీసేసి, మూడు నాలుగు అంగుళాల మందాన చెక్కముక్కలు పరవండి, కాండానికి ఆరంగుళాలు ఎడంగా. ఈ ఏడూ వచ్చే ఏడూ ఎరువు మానెయ్యండి. స్ప్రింక్లర్ కాండాన్ని తడుపుతుంటే ముందు దాని మూతి తిప్పండి, మొదలు కుళ్లేది అక్కడే. ఫ్రీమాంట్‌లో చాలాచోట్ల బంకమట్టి కాబట్టి వేసవిలో రెండు మూడు వారాలకోసారి, కొమ్మల అంచు కింద, అడుగున్నర లోతు తడిసేలా డ్రిప్ పెడితే సరిపోతుంది. కాయలు కోసేశాం కదా అని ఆగస్టులో నీళ్లు కట్టేసేవాళ్లు చాలామంది. అప్పుడే కదా పూమొగ్గ కడుతోంది!

చలి సంగతి అడగలేదు గానీ, సరిగా పూయాలంటే చలికాలంలో శాంటా రోజాకి 45 ఫారెన్‌హీట్ లోపు సుమారు 300 గంటల చలి చాలు, ఎలిఫెంట్ హార్ట్‌కి సుమారు 500. చలికాలం వెచ్చగా గడిచిన ఏడు పెద్దచెట్టు ఆలస్యంగా, విడతలు విడతలుగా పూసి రెండింటి పూతా కలవకపోవచ్చు. అందుకే అంటుకొమ్మ ఉన్నా బకెట్ ఉపాయం మర్చిపోకండి.

---

డాలస్_తోట

టెక్సస్‌లో ఉండి ఇది చదివేవాళ్ల కోసం. ఇక్కడ పూత రాలడానికి మొదటి అనుమానం చివరి మంచు మీదే. పూర్తిగా విచ్చిన పువ్వు 28 ఫారెన్‌హీట్ దగ్గర పదోవంతు పోతుంది, 23 దగ్గర దాదాపు అంతా పోతుంది. మెత్లీ అనే ప్లమ్ రకం ఒంటరిగా కాస్తుంది, తక్కువ చలి చాలు, కానీ తొందరపడి పూసి మంచుకి దొరికిపోతుంది. మంచు పడే రాత్రి దుప్పటి నేలదాకా దింపి కప్పాలి, పైన టోపీలా వేస్తే వేడి నిలవదు. మధ్యాహ్నానికి తీసెయ్యాలి, లేకపోతే తేనెటీగ రాదు.

గోళీకాయంత పిందె మీద అర్ధచంద్రాకారపు గాటు ఉండి రాలుతుంటే అది ప్లమ్ కర్కులియో అనే ముక్కుపురుగు. పూరేకులు రాలిన దగ్గర్నుంచి రోజూ తెల్లవారుజామున కింద దుప్పటి పరిచి కొమ్మని గట్టిగా కుదిపితే పురుగులు చచ్చినట్టు నటిస్తూ పడతాయి, సబ్బునీళ్లలో వెయ్యండి. రాలిన పిందెలు అదే రోజు ఏరి పారెయ్యాలి. పూత మీద పురుగుమందు మాత్రం కొట్టొద్దు.

---

పెరటి_ఫ్రీమాంట్

చాలా థాంక్స్ అండీ. లాన్ ఈ శనివారమే తీస్తున్నాం. ఇంకో రెండు అడగాలి. శాంటా రోజా మొదట్లో నేలలోంచి ఒక కొమ్మ బలంగా వస్తోంది, ఆకు చిన్నది, కాస్త ముళ్లు కూడా ఉన్నాయి. దాన్ని ఉంచి దానిమీదే అంటు కట్టొచ్చా? రెండోది, హైదరాబాద్‌లో మా మామయ్యగారు ఆల్‌బుఖారా మొక్క తెప్పిస్తానంటున్నారు. అక్కడ కాస్తుందా?

---

అంటుకట్టు

అది అంటుకి కింద ఉన్న వేరు మొక్క పిలక. దాన్ని పెరగనిస్తే పైచెట్టుని మింగేస్తుంది. "ముందు పెద్ద ఎర్రకాయలు కాసేది, ఇప్పుడు గోళీల్లాంటి కాయలే" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. మట్టి తవ్వి, పిలక పుట్టిన చోటు దాకా వెళ్లి, వేరు నుంచి ఒలిచెయ్యండి. నేలమట్టానికి కోస్తే ఒకటికి నాలుగు వస్తాయి.

హైదరాబాద్‌లో చలి గంటలు చాలవు, మామయ్యగారి డబ్బు మిగల్చండి. చెట్టు బతకొచ్చు, కాపు ఆశ పెట్టుకోకూడదు. పుల్లతీపి కాయే కావాలంటే అంటు రేగు పెట్టమనండి. ఏప్రిల్ చివర, మే నెలల్లో నిరుటి కొమ్మల్ని గట్టిగా కత్తిరిస్తే కొత్త చిగురు మీద పూత వస్తుంది. ప్లమ్‌కి పనికిరాని ఆ మొరటు కత్తిరింపు రేగుకి అవసరం.

---

కొమ్మా_కత్తెరా

ఒకటి మిగిలింది. కాపు మొదలయ్యాక ఏప్రిల్‌లో, కాయ ముప్పావు అంగుళం ఉండగా, లోపల టెంక గట్టిపడకముందే, కాయకీ కాయకీ నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఎడం ఉండేలా మిగతావి తుంచెయ్యండి. చేతులు రావు, తెలుసు. కానీ గుత్తులు గుత్తులుగా వదిలేస్తే కాయ చిన్నదవుతుంది, రెండు కాయలు ఆనుకున్నచోట బూజు పడుతుంది, కొమ్మ విరుగుతుంది, మరుసటేడు పూత తగ్గుతుంది. చలికాలంలో చెట్టు మీద ఎండి వేలాడే కాయలు కూడా ఏరెయ్యండి. పూత మీదికి వచ్చే బ్రౌన్ రాట్ బీజాలు చాలావరకు వాటిలోనే దాక్కుంటాయి.