నిజాంపై బాంబు: 'హత్యాయత్నం' అనాలా, 'వధ' అనాలా?

రామంతాపూర్ నుంచి: 1947 డిసెంబర్ 4న కింగ్ కోఠి దగ్గర నిజాం కారు మీద నారాయణరావు పవార్ బాంబు విసిరిన ఉదంతం వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది. ఒకాయన 'హత్యాయత్నం' అని రాశారు. 'హత్య కాదు, దుర్మార్గుణ్ని చంపితే వధ' అని ఇంకొకాయన ఎగిరిపడ్డారు. అరగంటలో ఒకరు రజాకారు, ఇంకొకరు సంఘీ అయిపోయారు. మధ్యలో నోరు తెరిచిన పాపానికి నేను అర్బన్ నక్సల్! తెలుగులో నిజంగా ఆ తేడా ఉందా?

నల్లకుంట నుంచి: మూలంలో రెండూ చంపడమే. తేడా వాడుకలో వచ్చింది. నరకాసుర వధ, కీచక వధ, శిశుపాల వధ అని వినీ వినీ, వధ అనగానే చచ్చినవాడు చావాల్సినవాడే అనిపిస్తుంది. హత్య అంటే పోలీసులు, కేసు, వాయిదాలు. అందుకే వాదనలో 'వధ' అనేసినవాడు ఇక ఏదీ రుజువు చేయక్కర్లేదు, నాకు చిరాకు అక్కడే. నిజాం పాలన మీద చెప్పడానికి వెట్టిచాకిరీ ఉంది, జైళ్లున్నాయి, రజాకార్ల దాడులున్నాయి. అవి చెప్పండి. మరాఠీలో గాంధీజీ హత్యను సైతం 'వధ' అన్నవాళ్లున్నారు. ఆ మాటకు ఎదుటివాడు రాక్షసుడై ఉండనక్కర్లేదు, అనేవాడు అలా అనుకుంటే చాలు.

బర్కత్‌పుర నుంచి: మరి గోవధ? అక్కడ వధ అన్నా నిందే కదండీ.

నల్లకుంట నుంచి: భలే పట్టుకున్నారు మేడమ్. పశువుల దగ్గర నా సూత్రం పనిచేయదు. మనుషుల వరకే చెబుతున్నా.

అంబర్‌పేట నుంచి: పదాల సంగతి సరే, తర్వాత జరిగింది కూడా చూడండి. పవార్‌కు ఉరిశిక్ష పడింది. భారత సైన్యం హైదరాబాద్‌ను కలిపేసుకున్న 'పోలీసు చర్య' తర్వాత అది యావజ్జీవంగా మారింది, 1949లో విడుదలయ్యారు. ఆయన బాంబు వేసిన అదే నిజాం 1950 నుంచి 1956 దాకా భారత ప్రభుత్వం నియమించిన రాజప్రముఖ్, అంటే రాష్ట్రానికి గవర్నర్ లాంటివాడు! 'వధ' పార్టీ వాళ్లు దీన్ని ఏ కాండలో పెడతారో. ఇక 'రజాకారు' అంటే ఉర్దూలో స్వచ్ఛంద సేవకుడు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ని కాచిగూడలో చంపింది ఆ రజాకార్లే. మతం చూసి ఆ తిట్టు విసిరేవాళ్లకు ఈయన పేరు తెలియదా, తెలిసీ మర్చిపోయారా?

రామంతాపూర్ నుంచి: నిజాంను 'నియంత' అనొచ్చా?

నల్లకుంట నుంచి: నేనైతే అనను. వారసుడిగా 1911లో గద్దెనెక్కిన మనిషి. 'నిరంకుశుడు' నప్పుతుంది, అంటే అంకుశం లేని ఏనుగు లాంటివాడు. తమాషా ఏంటంటే పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'నియంత' సారథికి ఒక పేరు! పగ్గాలు చేతిలో ఉన్నవాడన్నమాట. తిట్టు అర్థం ఈ కాలపు రాజకీయాలు తెచ్చిపెట్టినదే. నిరంకుశత్వమూ మొదట్లో అంత చెడ్డమాట కాదు, 'నిరంకుశాః కవయః', అంటే కవులకు అంకుశం లేదు అని కవులు మురిసిపోయేవారు కదా.

అంబర్‌పేట నుంచి: నేను ఒప్పుకోను. చివరి రోజుల్లో పగ్గాలు ఖాసిం రజ్వీ చేతికి పోయాయి. మీ అమరకోశం ప్రకారం ఆయనే నియంత.

నల్లకుంట నుంచి: రజ్వీ రాజూ కాదు, ప్రధానీ కాదు. ప్రధాని మీర్ లాయక్ అలీ. 'రజాకార్ల నాయకుడు' అని రాస్తే సరిపోతుంది, ఆ మాటలోనే అంతా ఉంది.