క్రిప్టో వాడాలంటే టెక్నాలజీ తెలియాలా?

కొత్తవాలెట్: నిన్ననే వాలెట్, అంటే క్రిప్టో వాడుకునే యాప్, పెట్టుకున్నాను. లావాదేవీలు నమోదయ్యే బ్లాక్‌చెయిన్ సంగతి నేర్చుకున్నాకే దిగమని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

నిదానం: అక్కర్లేదండీ. ఈమెయిల్ పంపేవాళ్లందరికీ సర్వర్ల గురించి తెలుసా? హ్యాష్, మైనింగ్ లాంటి లోపలి లెక్కలు దాన్ని తయారుచేసేవాళ్ల పని.

తీగలాగు: ఈమెయిల్ తప్పుగా వెళ్తే మళ్లీ పంపుకుంటాం. ఇక్కడ వెళ్లిన డబ్బును వెనక్కి లాగే మీట లేదు. నేను ఒక ఎక్స్ఛేంజ్‌కి, అంటే క్రిప్టో కొని అమ్మే చోటికి, యూఎస్‌డీటీ అనే డాలరు విలువను అనుసరించే క్రిప్టో పంపాను. అడ్రసు అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. నెట్‌వర్క్ దగ్గర, అంటే డబ్బు వెళ్లే దారి ఎంచుకునే చోట, ఎథీరియం బదులు బీఎన్‌బీ చెయిన్ నొక్కాను, అంతే. రెండింట్లోనూ అడ్రసు 0ఎక్స్‌తోనే మొదలవుతుంది, ఒకేలా ఉంటుంది. ఆకుపచ్చ టిక్ కూడా పడింది. నా ఖాతాలో మాత్రం ఏమీ జమ కాలేదు.

నిదానం: అది జాగ్రత్త లేకపోవడం. టెక్నాలజీ కాదు.

తీగలాగు: నెట్‌వర్క్ అంటే ఏమిటో తెలియనివాడు దేని విషయంలో జాగ్రత్తపడాలి?

రాత్రిపక్షి: వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 మాటల సీడ్ ఫ్రేజ్ కాగితం మీద రాసి దాచుకుంటే చాలు.

చిన్నమాట: కొన్ని వాలెట్లకు 24.

తీగలాగు: ఆ మాటలు ఎవరి చేతిలో పడితే డబ్బు వాళ్లదేనని, యాప్ పోయినా వాటితో ఇంకో వాలెట్‌లో తెరుచుకోవచ్చని తెలియాలి కదా. అది టెక్నాలజీ కాదా?

నిదానం: కాదు! తాళంచెవి జాగ్రత్త చేసుకోవడానికి తాళాలు చేయడం నేర్చుకోవాలా? ఒక ఎక్స్ఛేంజ్ మూతపడి మా అక్క దాచుకున్నదంతా పోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "తెలియకుండా ఎందుకు దిగావు" అనేవాళ్లే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ దివాలా తీస్తే పెద్దపెద్ద ఫండ్‌ల డబ్బూ ఇరుక్కుంది. వాళ్లకు తెలియకనా? డబ్బు మింగినవాణ్ని వదిలేసి పోగొట్టుకున్న మనిషిని నిలదీస్తారేం?

తీగలాగు: మీ అక్కగారిని నేనేమీ అనలేదు. నన్ను నేను తిట్టుకున్నంత ఎవరూ తిట్టలేదు. ముందే ఒక్కరు చెప్పి ఉంటే బాగుండేదన్నదే నా బాధ.

నిదానం: చెప్పాల్సింది యాప్. తప్పు నెట్‌వర్క్ నొక్కితే అడ్డుపడాల్సింది అదే.

తీగలాగు: నిజమే. కానీ నాకు అడ్డుపడలేదు. ఇవాళ పంపేవాళ్ల గతేమిటి?

కొత్తవాలెట్: నాకు నెట్‌వర్క్ దగ్గర మూడు పేర్లు కనిపిస్తున్నాయి. ఏది నొక్కాలి?

తీగలాగు: ఇంకా ఏదీ నొక్కకండి. అందుకునేవాళ్లు ఏ నెట్‌వర్క్ మీద తీసుకుంటారో అడిగి, ముందు కొద్దిగా పంపండి. అది అందిందని వాళ్లు చెప్పాకే మిగతాది.