విన్నాక కూడా అనుకున్నదే చేస్తే, అది విన్నట్టేనా?

ఆచంట ఇల్లాలు:
మా ఆయన నా మాటకు ఎప్పుడూ అడ్డు తగలరు. ఫోను పక్కన పెడతారు. నేను చెప్పింది తన నోటితో మళ్లీ చెప్పి, "నీ భయం ఇదే కదా?" అని అడుగుతారు. చుట్టాలందరూ నన్ను అదృష్టవంతురాలంటారు. కిందటి ఏడాది రెండెకరాల వరి చేనును రొయ్యల చెరువుగా తవ్వించే మాట వచ్చింది. చెరువు నీళ్ల ఉప్పు పక్క చేలకు ఊరుతుందన్నాను. తెల్లమచ్చ వ్యాధితో ఒక్క పంట పోయినా అప్పు తీరదన్నాను. అంతా ఓపికగా విన్నారు. మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ వచ్చింది. దానికి బయానా అంతకుముందే ఇచ్చేశారని తర్వాత తెలిసింది. దీన్ని వినడం అనకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

రాజోలు రైతు:
అమ్మా, వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. 2011లో కోనసీమలో సార్వాకు పంట విరామం ప్రకటించిన రోజులు గుర్తున్నాయా? పెట్టుబడి కూడా తిరిగి రాక పొలాలు బీడు పెట్టుకున్నాం. అప్పటినుంచి వరి మీద మనసు విరిగినవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారండీ. మీ మాట విన్నాక కూడా మీ వారికి తన లెక్కే సరైనదనిపించి ఉండవచ్చు. చెప్పినట్టల్లా చేస్తేనే విన్నట్టని పట్టుబడితే, ఇంట్లో సలహా అడిగేవాడే ఉండడు.

భీమవరం పంతులమ్మ:
రైతు గారూ, ఎదుటివారి మాటను తిరిగి చెప్పే ఈ పద్ధతికి కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో రాసిన చిన్న పుస్తకం పేరు తెచ్చింది. రోజర్స్ వృత్తి రీత్యా మనస్తత్వవేత్త. తన దగ్గరికి వచ్చినవారి గోడు వింటాడు, కానీ వారి పొలంలో ఆయనకు వాటా ఉండదు. కాపురంలో ఇద్దరికీ వాటా ఉంటుంది. అమెరికాలో జాన్ గాట్‌మన్ బృందం 130 కొత్త జంటలను గమనించి 1998లో ఫలితాలు ప్రచురించింది. జంటలు వాదించుకునేటప్పుడు ఇలా తిరిగి చెప్పడం చాలా అరుదుగా కనిపించింది. ఏ కాపురం సుఖంగా నిలుస్తుందో దాన్ని బట్టి తెలియలేదు. భార్య మాటకు తన నిర్ణయంలో భర్త ఎంత చోటిస్తాడన్నదాన్ని బట్టి తెలిసింది. ఆ పరిశోధనపై తర్వాత విమర్శలు వచ్చాయి, నిజమే. అయినా ఆచంట చెల్లెలి బాధ సరిగ్గా అక్కడే ఉంది.

కువైట్‌లో కోనసీమ అమ్మాయి:
నాది వేరే గోడు అక్కా. ఇక్కడ రాత్రి పదిన్నరకు పని తెమిలితే మా ఊళ్లో ఒంటిగంట. ఆయన నా ఫోను కోసం మేలుకొనే ఉంటారు. ఇంటావిడ కసురుకుందని చెప్పగానే, "ఏజెంటుతో మాట్లాడతాను, వచ్చేయ్" అంటారు. రాలేనని ఇద్దరికీ తెలుసు. ఆయన ఊ కొడుతూ వింటే నాకు చాలు. నిర్ణయాలేవీ మారనక్కర్లేదు.

ఆచంట ఇల్లాలు:
నువ్వు చెప్పుకునేది కష్టం తల్లీ, దానికి ఊ కొట్టడమే కావాలి. నేను మాట్లాడింది ఇద్దరం కలిసి తీర్చాల్సిన అప్పు గురించి. అందులో నా గాజులు కూడా కుదువలో ఉన్నాయి. అక్కడ ఊ కొట్టి ఊరుకుంటే ఎలా?

రాజోలు రైతు:
బయానా సంగతిలో నేను మీ పక్షమేనండీ. ముందే తేల్చుకొని ఆపైన అభిప్రాయం అడగడం అన్యాయం. కానీ తేల్చుకోకుండా అడిగి, విని, ఆ తర్వాత కూడా తవ్విస్తే? మీ అభ్యంతరాలు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి తవ్విస్తే? అది విన్నట్టే అంటాను. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

భీమవరం పంతులమ్మ:
జవాబు చెప్పడం తప్పనిసరి అని మీరు ఒప్పుకుంటే మన మధ్య తేడా కొద్దిదే. ఎన్నిసార్లు అడిగినా ప్రతిసారీ ఆయన లెక్కే నెగ్గుతుంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆచంట ఇల్లాలు:
నాకు ఆ జవాబే రాలేదు. ఇప్పుడు రెండో చెరువు మాట మొదలైంది. ఈసారి బయానా ఇవ్వకముందే కూర్చోబెట్టి, ఉప్పు ఏ గట్టు దాటి ఎవరి చేలోకి ఊరుతుందో కాగితం మీద గీసి చూపమంటాను. గట్టుకు అవతల ఉన్నది మా తోడికోడలి చేను.