ఫీజు సున్నా అన్నారు, 60,000 కాస్తా 57,618 అయింది. ఇదెక్కడి లెక్క?

గోదారిగట్టు: యాప్‌లో పెద్దక్షరాలతో ‘జీరో ఫీజు’ అని ఉంది. 60,000 పెట్టి బిట్‌కాయిన్ కొన్నాను. ఆ నిమిషంలోనే అమ్మకం రేటు చూస్తే నా దాని విలువ 58,200. భయమేసి అమ్మేశాను. మళ్లీ 582 కోసుకుని 57,618 ఇచ్చారు. ఫీజు కాకపోతే ఇదేంటి?

లెక్కలమాస్టారు: 582 టీడీఎస్ అండీ. 2022 జులై 1 నుంచి అమ్మకం మొత్తం మీద ఒక శాతం పట్టుకుంటున్నారు. అది ఫీజు కాదు, ముందస్తు పన్ను. రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది.

రాత్రిట్రేడర్: లెక్కలోకి ఎప్పుడొస్తుంది మాస్టారూ? లక్ష రూపాయలు నెలలో పదిసార్లు తిప్పితే దాదాపు పది వేలు ఇరుక్కుపోతాయి. పోయినేడాది నా పెట్టుబడి అలాగే కరిగింది. నాకైతే అది ఫీజే.

లెక్కలమాస్టారు: కాదు. ఫీజంటే తిరిగిరానిది. కొని అమ్మిపెట్టే ఎక్స్ఛేంజి 0.2 శాతం తీసుకుంటే లక్షకు 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36. అదీ ఫీజంటే.

పసుపుకొమ్ము: బంగారం కొనుక్కోండి. తరుగు, మజూరీ బిల్లులో అయినా కనబడతాయి.

డల్లాస్‌బాబాయి: కొన్న కాయిన్‌ను యాప్‌లోంచి సొంత వాలెట్‌కు, అంటే మన చేతిలో ఉండే డిజిటల్ పర్సుకు, పంపితే నెట్‌వర్క్ ఫీజు వేరే ఉంటుంది. బిట్‌కాయిన్‌లో అది పంపే మొత్తాన్ని బట్టి కాదు, లావాదేవీ సైజును, అప్పటి రద్దీని బట్టి. చిన్న మొత్తాలకు అదే పెద్ద దెబ్బ.

రాత్రిట్రేడర్: బాబాయ్, ఆయన ఎక్కడికీ పంపలేదు. టీడీఎస్ సంగతి తేల్చండి.

లెక్కలమాస్టారు: తేల్చాను కదా! చట్టం చదవకుండా దిగి, తర్వాత గోలపెడితే ఎలా?

గోదారిగట్టు: మాస్టారూ, అవి మా ఆవిడ మూడేళ్లు కట్టిన చీటీ డబ్బులు. పాట పాడి తెచ్చి నా చేతిలో పెట్టింది. 582 తిరిగొస్తుందంటే సంతోషం. నేనడిగేది మిగతా 1,800 గురించి. పొద్దున్నుంచీ ఎవరూ దాని ఊసెత్తలేదు.

లెక్కలమాస్టారు: అది స్ప్రెడ్. కొనే రేటుకీ అమ్మే రేటుకీ తేడా. వాళ్ల రాబడి అందులోనే ఉంటుంది. రెండు రేట్లూ తెర మీదే ఉన్నాయి, చూసుకోవాల్సింది.

గోదారిగట్టు: కొనేటప్పుడు కొనే రేటొక్కటే కనబడింది. అమ్మబోతేనే రెండోది వచ్చింది.

రాత్రిట్రేడర్: ఇది మాత్రం అన్యాయం మాస్టారూ. పైగా ఆ 1,800 నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయనివ్వరు. లాభం మీద 30 శాతం పూర్తిగా కట్టాల్సిందే.

లెక్కలమాస్టారు: నష్టం మాట నిజమే. కానీ కొనేముందు అడగాల్సింది కొనేవాడే.

గోదారిగట్టు: మూడు శాతం ధరలో కలిపి, పైన సున్నా అని రాస్తే ఏమని అడగాలండీ? ‘మూడు శాతం’ అని రాసి ఉంటే కొనేవాణ్ణే కాదు.

డల్లాస్‌బాబాయి: రెండు రేట్ల స్క్రీన్‌షాట్లూ ఉన్నాయా?

గోదారిగట్టు: ఉన్నాయి. టైముతో సహా. పెడుతున్నాను.