బేక్‌వెల్‌లో ఇల్లు తీసుకుంటున్నా, డెర్బీకి రైలు ఉందా?

కొత్తగా వచ్చాను: అందరికీ నమస్కారం. డెర్బీషైర్‌లోని బేక్‌వెల్‌లో కేర్ హోమ్ ఉద్యోగం దొరికింది. ప్రకటనలో ఇల్లు 'స్టేషన్ పక్కనే' అని ఉంది. డెర్బీకి పొద్దున రైళ్ళు ఎన్నింటికో చెప్తారా?

డెర్బీ పాతకాపు: తమ్ముడూ, అక్కడ రైలు ఆగడం 1967 మార్చిలోనే అయిపోయింది. 1862లో కట్టిన స్టేషన్ భవనం మాత్రం ఊరి పైన గట్టు మీద అలాగే ఉంది. పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు మాన్సాల్ ట్రైల్, ఎనిమిదిన్నర మైళ్ళు నడకకీ సైకిలుకీ. రైలెక్కాలంటే మాట్‌లాక్ రావాల్సిందే.

మాట్‌లాక్ అక్క: ముందు అడ్వాన్సు సంగతి చూసుకో నాన్నా. నాకు ఇల్లిచ్చినాయన కూడా ఇలాగే 'స్టేషన్ దగ్గర' అన్నాడు. వెళ్ళి చూస్తే టీ అమ్మే పాత ప్లాట్‌ఫారం! ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ మరక అని డబ్బంతా పట్టుకున్నాడు. చేరిన రోజు తీసిన ఫొటోలు చూపించి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే గానీ కదల్లేదు. అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ ఇవ్వకు. అది 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో పడాలి. రసీదు అడుగు.

మాంచెస్టర్ మావయ్య: అదంతా అప్పటి బ్రిటిష్ రైల్వే బోర్డు అధిపతి బీచింగ్ పుణ్యం. 1963లో ఒక్క నివేదికతో రెండు వేల పైచిలుకు స్టేషన్లకి గొయ్యి తవ్వాడు.

డెర్బీ పాతకాపు: నివేదిక ఆయనది, నిర్ణయం మంత్రులది. పక్కనున్న హాసప్ స్టేషన్ 1942లోనే ప్రయాణికులకి మూతపడింది. అప్పటికి బీచింగ్ ఎక్కడ? చాట్స్‌వర్త్ భవంతి డ్యూక్‌గారి సౌకర్యం చూసి పొలాల్లో కడితే ఎవరెక్కుతారు? ఇటు రట్‌లండ్ డ్యూక్‌గారి హాడన్ హాల్ భవంతికి రైలు కనపడకూడదని సొరంగమే తవ్వారు.

మాంచెస్టర్ మావయ్య: హాసప్ వేరు, బేక్‌వెల్ వేరు. బేక్‌వెల్ మూతపడ్డాక కూడా మాంచెస్టర్ ఎక్స్‌ప్రెస్‌లు 1968 దాకా అదే పట్టాల మీద పోయాయి. లైన్ పనికిరాక మూశారనకండి.

మాట్‌లాక్ అక్క: ఆ కాలం రచయిత రస్కిన్ తిట్టిపోసిన మాన్సాల్ రైలు వంతెన దగ్గర ఇప్పుడు ఫొటోలకి జనం ఎగబడుతున్నారు, అదీ చెప్పండి.

కొత్తగా వచ్చాను: అందరికీ ధన్యవాదాలండీ. మరి మాట్‌లాక్‌కి బస్సు?

డెర్బీ పాతకాపు: ట్రాన్స్‌పీక్ ఉంది. బక్స్‌టన్ నుంచి బేక్‌వెల్, మాట్‌లాక్ మీదుగా డెర్బీ దాకా అదే వస్తుంది. నైట్ షిఫ్ట్ అయితే మాత్రం, ఆఖరి బస్సు వేళ చూసుకున్నాకే ఇంటికి సరే అను.