తమ్ముడికి స్టేటస్ పోయింది, అసైలం వేయమంటున్నారు (న్యూయార్క్)

క్వీన్స్_అక్క:
అందరికీ నమస్తే. మా పిన్ని కొడుకు 2023 ఫాల్‌లో ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద మాస్టర్స్‌కి వచ్చాడు, రెండు సెమిస్టర్లు బానే చదివాడు, తర్వాత బాబాయ్‌కి గుండె ఆపరేషన్ అయ్యి ఇంటి నుంచి డబ్బులు ఆగిపోయాయి, ఫీజు కట్టలేక మూడో సెమిస్టర్‌కి రిజిస్టర్ అవ్వలేదు, కాలేజీ వాళ్ళు సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) టెర్మినేట్ చేసేశారు, దాంతో ఇక్కడ ఉండే స్టేటస్ పోయింది. మాకెవరికీ చెప్పకుండా ఇక్కడే క్వీన్స్‌లో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో క్యాష్‌కి చేస్తున్నాడు, బేస్‌మెంట్‌లో ఇంకో నలుగురితో ఉంటున్నాడు. పొలం తాకట్టు పెట్టి, అది చాలక బ్యాంకు లోను కూడా తీసుకుని పంపించారు. ఇంటికెళ్ళిపోరా అంటే ఏడుస్తున్నాడు, అప్పు ఎవరు తీరుస్తారక్కా అంటాడు.

ఇప్పుడు పేపర్లు చేసిపెట్టే ఒకాయన దగ్గరికి ఎవరో తీసుకెళ్ళారంట. లాయర్ కాదు. ఊళ్ళో రాజకీయ గొడవలు, ప్రాణభయం ఉందని రాసి అసైలం (ఇక్కడ ఆశ్రయం ఇవ్వమనే అప్లికేషన్) వేస్తే ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుంది, కేసు తేలేసరికి ఏళ్ళు పడుతుంది, ఈలోపు సంపాదించుకో అంటున్నాడంట. నాలుగు వేల డాలర్లు అడిగాడు, పాస్‌పోర్టు కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. నిజానికి మా ఊళ్ళో మావాడికి అలాంటి భయమేం లేదు. వచ్చే వారం సంతకం పెడతా అంటున్నాడు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కోర్టు_తోడు:
అక్కా, సంతకం పెట్టనివ్వకండి. ముందు ఆ పాస్‌పోర్టు వెనక్కి తెప్పించండి, మిగతావన్నీ తర్వాత.

నేను 26 ఫెడరల్ ప్లాజా ఇమిగ్రేషన్ కోర్టుకి వచ్చేవాళ్ళకి తోడు వెళ్ళే వాలంటీర్‌ని. అసైలం ఫామ్ ఐ-589 మీద సంతకం అంటే అందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేసినట్టే. తెలిసి అబద్ధం రాశాడని జడ్జి తేలిస్తే ఆ తర్వాత అమెరికాలో దాదాపు ఏ ఇమిగ్రేషన్ దారీ ఉండదు, రేపు పెళ్ళయినా, మంచి ఉద్యోగం వచ్చినా సరే. కథ రాసినాయన పేరు ఎక్కడా ఉండదు చూడండి. ఫామ్ చివర్లో తయారు చేసినవాళ్ళు సంతకం పెట్టాల్సిన చోటు ఉంటుంది, ఇలాంటివాళ్ళు అది ఖాళీగా వదిలేస్తారు, పిల్లాడే సొంతంగా రాసుకున్నట్టు అవుతుంది.

ఇంకోటి, వచ్చిన ఏడాది లోపు వేయాలనే రూల్ ఉంది. స్టూడెంట్ స్టేటస్‌లో ఉన్నన్నాళ్ళు దానికి మినహాయింపు అడగొచ్చు కానీ స్టేటస్ పోయాక ఎక్కువ ఆలస్యం చేస్తే అదీ కష్టమే. స్టేటస్ లేనివాళ్ళ అప్లికేషన్ ఆఫీసర్ ఒప్పుకోకపోతే ఫైలు నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకి పోతుంది, అంటే ఇప్పటిదాకా ఎవరి లెక్కలోనూ లేని డిపోర్టేషన్ కేసు మన చేత్తో మనమే మొదలుపెట్టించుకున్నట్టు. అక్కడ క్రిమినల్ కోర్టులోలాగా ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వదు. ఒక్క హియరింగ్‌కి వెళ్ళకపోయినా మనం లేకుండానే డిపోర్టేషన్ ఆర్డర్ ఇచ్చేస్తారు. 2025 వేసవి నుంచి అయితే హియరింగ్‌కి వచ్చినవాళ్ళని కోర్టు గది బయట కారిడార్‌లోనే మాస్కులు వేసుకున్న ఇమిగ్రేషన్ ఏజెంట్లు పట్టుకుపోతున్నారు. జడ్జి మళ్ళీ ఫలానా తేదీకి రమ్మని కాగితం ఇచ్చాక, ఆ కాగితం చేతిలో ఉండగానే. పిల్లలు ఏడుస్తుంటే పక్కన నిలబడి చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

వరంగల్_టు_జెర్సీ:
అన్నా నువ్వు చెప్పేది కరెక్టే గానీ, మరి ఆ పోరడు ఏం జెయ్యాలె? మా రూముల పక్కనోళ్ళు వేసిన్రు, పర్మిట్ వచ్చింది, మంచిగ పని చేస్కుంటున్రు. ఇంటికాడ మిత్తి నెలనెలా పెరుగుతాంటే రూల్స్ అంటే ఎట్ల? అందరు లాయర్ దగ్గరికి పో అంటరు, లాయర్ ఫీజు ఎవరిస్తరు?

కోర్టు_తోడు:
తమ్ముడూ, ఆ బాధ నాకు తెలుసు. పర్మిట్ వచ్చిన మాట నిజమే, ఫైల్ చేసిన 150 రోజులకి అప్లై చేస్తే 180 దాటాక ఇస్తూ వచ్చారు, అయితే 2025లో వచ్చిన చట్టంతో ఆ ఏడాది మొదటి పర్మిట్‌కే 550 డాలర్లు, అసైలంకి 100, కేసు తేలేదాకా ఏడాదికి ఇంకో 100 పెట్టారు. కానీ మీ పక్కనోళ్ళ కేసు ఇంకా జడ్జి ముందుకి రాలేదు కదా. 2022 నుంచి ఈ సిటీ షెల్టర్లలోకి రెండు లక్షల మందికి పైగా వచ్చారు, వెనిజులా, ఈక్వెడార్, ఆఫ్రికా దేశాల నుంచి. వాళ్ళలో నిజంగా చంపుతామని బెదిరిస్తే పారిపోయి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఫామ్ నింపిపెట్టే మనిషి దొరక్కే కొందరికి ఏడాది గడువు దాటిపోయింది. ఒకే కథ పేర్లు మార్చి పదిమందికి రాస్తే నిజమైన కేసు చెప్పినా ఆఫీసర్ నమ్మడు.

ఫ్రీ లాయర్ కావాలంటే సిటీ హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేసి ఇమిగ్రేషన్ లీగల్ హెల్ప్ అని అడగండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడగొచ్చు.

ఫ్లషింగ్_రావు:
ఇంకొన్ని విషయాలు. సెవిస్ పోయి ఐదు నెలల లోపైతే రీఇన్‌స్టేట్‌మెంట్ (స్టూడెంట్ స్టేటస్ తిరిగి ఇవ్వమని) అడగొచ్చు, ఇక్కడ అది దాటిపోయినట్టుంది, పైగా పర్మిషన్ లేకుండా పని చేశాడు. అయినా పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు. 2023లో ఎఫ్1 మీద వచ్చాడు కాబట్టి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) మీద తేదీ కాకుండా డీ/ఎస్, అంటే స్టూడెంట్ స్టేటస్ ఉన్నన్నాళ్ళు ఉండొచ్చని, ఉండాలి, ఉంటే స్టేటస్ లేకుండా ఉండిపోయినందుకు 3 ఏళ్ళు, 10 ఏళ్ళు మళ్ళీ రానివ్వని బ్యాన్ ఉంది చూశారూ, దాని లెక్క దానంతటది మొదలవ్వదు, యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ అప్లికేషన్లు చూసే ప్రభుత్వ ఆఫీసు) గానీ జడ్జి గానీ స్టేటస్ పోయిందని తేల్చాకే మొదలవుతుంది. అంటే ఇప్పుడు తనంతట తనే వెళ్ళిపోతే మళ్ళీ అప్లై చేసుకునే హక్కు మిగులుతుంది, వీసా ఇస్తారా లేదా అన్నది వేరే సంగతి. లాయర్‌ని మొదట అడగాల్సింది ఇదే.

రెస్టారెంట్ ఓనర్ జీతం సరిగ్గా ఇస్తున్నాడా? 2025లో సిటీలో కనీస వేతనం గంటకి 16.50 డాలర్లు, స్టేటస్ లేకపోయినా ఆ చట్టం వర్తిస్తుంది, స్టేట్ లేబర్ డిపార్ట్‌మెంట్‌లో కంప్లైంట్ ఇవ్వొచ్చు. మన పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు, గంటకి పది, పన్నెండు డాలర్లకే రోజంతా గిన్నెలు తోమిస్తారు.

క్వీన్స్_అక్క:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇందాకే వాడితో మాట్లాడా, మొదట కోప్పడ్డాడు, కోర్టు సంగతి చదివి వినిపిస్తే ఆలోచిస్తా అన్నాడు. పాస్‌పోర్టు కోసం రేపు మా ఆయన వాడితో పాటు వెళ్తున్నారు. గంటకి పదకొండు ఇస్తున్నారంట. ఎవరైనా లాయర్ అని చెప్పుకుంటే నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కోర్టు_తోడు:
న్యూయార్క్ కోర్టుల వెబ్‌సైట్‌లో అటార్నీ సెర్చ్ ఉంటుంది, పేరు కొట్టి చూడండి. వేరే స్టేట్ లైసెన్స్ అయితే ఆ స్టేట్ బార్‌లో చూడాలి. నా కేసులో మీరు జీ-28 వేస్తారా అని అడగమనండి, అది నేనే ఇతని లాయర్‌ని అని ప్రభుత్వానికి రాసిచ్చే ఫామ్, నిజమైన లాయర్ వెనకాడడు. వెళ్ళేటప్పుడు పాత ఐ-20లు (కాలేజీ ఇచ్చిన స్టూడెంట్ కాగితాలు) అన్నీ, ఐ-94 ప్రింటు, కాలేజీ నుంచి వచ్చిన టెర్మినేషన్ మెయిల్, బాబాయ్‌గారి హాస్పిటల్ కాగితాలు తీసుకెళ్ళమనండి. జీతం ఇచ్చిన తేదీలు, గంటలు ఒక నోటుబుక్‌లో ఇవాళ్టి నుంచే రాసుకోమనండి.