పెద్ద టెక్ కంపెనీ పెట్టుబడి విభాగం డబ్బు ఇస్తానంటే పలాస స్టార్టప్ తీసుకోవచ్చా?

కాశీబుగ్గ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో కలిసి చదువుకున్న స్నేహితులం జీడిపప్పు గ్రేడింగ్ మెషీన్ తయారు చేస్తున్నాం. బెల్టు మీద పప్పు వెళ్తుంటే కెమెరా ఫొటో తీసి సైజు, రంగు చూసి 180, 240, 320 అనే గ్రేడ్లుగా విడదీస్తుంది, బద్దల్ని పక్కకి తోస్తుంది. పలాసలో కొన్ని ఫ్యాక్టరీల్లో నడుస్తోంది.

ఇప్పుడు ఒక పెద్ద టెక్ కంపెనీ పెట్టుబడి విభాగం మాలో డబ్బు పెడతానంటోంది. అడిగిన వాటా తక్కువే. కానీ టర్మ్ షీట్‌లో (ఒప్పందానికి ముందు షరతులు రాసే కాగితం) మరికొన్ని షరతులున్నాయి. బోర్డు మీటింగుల్లో వాళ్ల మనిషి కూర్చుంటాడు, ఓటు ఉండదు. రేపు మా కంపెనీని ఎవరైనా కొంటామంటే, అదే ధరకి ముందు వీళ్లని అడగాలి. సాఫ్ట్‌వేర్ అంతా వాళ్ల క్లౌడ్ మీదే, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే వాళ్ల కంప్యూటర్ల మీదే నడవాలి, పెట్టుబడిలో కొంత భాగం క్లౌడ్ క్రెడిట్ల రూపంలోనే (ఆ అద్దె కింద చెల్లేలా) వస్తుంది. నాకైతే తీసుకోవాలనే ఉంది. మీరేమంటారు?

గంటస్తంభం_విజయనగరం:
తీసుకో తమ్ముడూ. మన రెండు జిల్లాల నుంచి ఫోన్ చేస్తే హైదరాబాద్ ఫండ్లు ఎత్తవు, బెంగళూరు సంగతి చెప్పక్కర్లేదు. అలాంటిది వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు.

పెద్ద కంపెనీ డబ్బు పెడితే మింగేస్తుందని భయపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. డ్రోన్లు చేసే ఐడియాఫోర్జ్‌లో చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ పెట్టుబడి విభాగం క్వాల్‌కామ్ వెంచర్స్ పెట్టింది, ఇన్ఫోసిస్ పెట్టింది. 2023లో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. మ్యాప్‌మైఇండియాలోనూ క్వాల్‌కామ్ డబ్బుంది, అది 2021లో లిస్ట్ అయింది. పక్కన విశాఖలో డేటా సెంటర్ కోసం గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. పెద్దవాళ్ల చూపు మనవైపు తిరిగిన టైమ్‌లో వెనక్కి తగ్గడం తప్పు.

నాగావళి_ఒడ్డు:
మాస్టారూ, విశాఖ డేటా సెంటర్‌ని దీనికి ముడిపెట్టకండి. అక్కడ వాళ్లు తమ సొంత ఆస్తి కట్టుకుంటున్నారు. ఇక్కడ ఈ కుర్రాళ్ల ఆస్తిలో వాటా కొంటున్నారు. ఇలాంటి ఒప్పందాల కాగితాలు చదవడమే నా ఉద్యోగం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

స్టార్టప్‌లలో డబ్బు పెట్టే మామూలు వెంచర్ ఫండ్‌కి కావలసింది ఒకటే, పెట్టిన డబ్బు పెరగాలి. టెక్ కంపెనీ విభాగానికి లాభంతో పాటు అసలు కంపెనీ అవసరం కూడా ఉంటుంది. చిప్పుల కంపెనీ ఇంటెల్ పెట్టుబడి విభాగం ఇంటెల్ క్యాపిటల్ 1991లో మొదలైంది. కంప్యూటర్ల వాడకం పెంచే కంపెనీలు ఎదిగితే ఇంటెల్ చిప్పులు అమ్ముడుపోతాయి. 2020లో జియో ప్లాట్‌ఫామ్స్‌లో ఇంటెల్ క్యాపిటల్ 1,894.5 కోట్లు పెట్టి 0.39 శాతం తీసుకుంది, క్వాల్‌కామ్ వెంచర్స్ 730 కోట్లకి 0.15 శాతం తీసుకుంది. ఇద్దరూ చిప్పుల కంపెనీలే. అందులో దాపరికం లేదు, తప్పూ లేదు. తమ్ముడు తెలుసుకోవలసింది, తన కంపెనీ వల్ల అవతలివాళ్లకి లాభం కాకుండా ఇంకేం కావాలన్నది. టర్మ్ షీట్ చూస్తే తెలుస్తోంది, క్లౌడ్ వాడకం కావాలి.

అవసరాలు ఎదురుపడితే ఏమవుతుందో ఉబర్ విషయంలో చూశాం. 2013లో గూగుల్ పెట్టుబడి విభాగం గూగుల్ వెంచర్స్ అందులో 25.8 కోట్ల డాలర్లు పెట్టింది. గూగుల్ పెద్ద అధికారి డేవిడ్ డ్రమ్మండ్ ఉబర్ బోర్డులో చేరారు. గూగుల్ అప్పటికే డ్రైవర్ లేని కార్ల పని చేస్తోంది, తర్వాత ఉబర్ కూడా అదే పని మొదలుపెట్టింది. 2016లో ఆయన బోర్డు నుంచి తప్పుకున్నారు. 2017లో గూగుల్ మాతృసంస్థకి చెందిన వేమో, తమ రహస్యాలు కాజేశారని ఉబర్ మీద కేసు వేసింది. 2018లో రాజీకి వచ్చి ఉబర్ తన షేర్లలో 0.34 శాతం ఇచ్చింది.

ఇక ఆ 'ముందు మమ్మల్ని అడగాలి' షరతు. దాన్ని రోఫర్ (రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్) అంటారు. నా దృష్టిలో ఈ కాగితంలో అసలు ప్రమాదం అదే. బయటి కంపెనీ ఒకటి మిమ్మల్ని కొనాలనుకుంటే నెలల తరబడి లెక్కలు చూడాలి, లాయర్లకి డబ్బు కట్టాలి. చివరికి తను కట్టిన ధరకే ఇంకొకరు ఎగరేసుకుపోతారని తెలిస్తే ఆ శ్రమ ఎవరు పడతారు? బెంగళూరు కంపెనీకైతే ఇంకో నలుగురు ఇన్వెస్టర్లు వరసలో ఉంటారు, ఈ షరతు తీసెయ్యమని బేరమాడొచ్చు. పలాసలో వెతుక్కుంటూ వచ్చినవాడు ఒక్కడే కాబట్టి ఆ ఒక్కడి షరతు మరీ గట్టిగా చూడాలి.

గంటస్తంభం_విజయనగరం:
ఉబర్ కేసు సగమే చెప్పారు. ఆ గొడవ తర్వాత కూడా ఉబర్ 2019లో లిస్ట్ అయింది. డబ్బు పెట్టిన గూగుల్‌కీ లాభమే వచ్చింది. రోఫర్ వద్దంటే ప్రత్యామ్నాయం చెప్పండి. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. ఈ పిల్లల దగ్గర తాకట్టు పెట్టడానికి ఏముంది?

నాగావళి_ఒడ్డు:
న్యాయమైన ప్రశ్నే. కేంద్రం 2021లో నాలుగేళ్ల కోసం స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పెట్టింది, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోవాలి. ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే కేంద్రం) ద్వారా నమూనా దశకి 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్‌కి తీసుకెళ్లడానికి 50 లక్షల వరకు అప్పు రూపంలో ఇచ్చేలా పెట్టారు. ఈ కంపెనీ ఇస్తానన్నంత రాకపోవచ్చు. కానీ చేతిలో రెండో దారి ఉందని తెలిస్తే బేరంలో గొంతు మారుతుంది.

ఇంకో మాట. విభాగం పెద్దలు ఎంత మంచివాళ్లయినా నిర్ణయం పైవాళ్లది. 2025 జనవరిలో ఇంటెల్ తన పెట్టుబడి విభాగాన్ని విడి సంస్థగా చేస్తానని ప్రకటించింది. కొత్త సీఈఓ వచ్చాక కొద్ది వారాల్లోనే ఆ ఆలోచన మానుకుంది. రెండో విడత డబ్బు వీళ్లే ఇస్తారని లెక్క వేసుకోవద్దు.

పలాస_జీడి:
నాది కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ. మీ వాటాలు, షేర్లు నాకు అంతగా తెలియవు. నాదొకటే ప్రశ్న. ఆ ఫొటోలు ఎవరివి?

2018లో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టింది. ఇక్కడ చాలామంది ఆఫ్రికా పిక్క (పెంకుతో ఉన్న జీడి గింజ) తెప్పించుకుని నడుపుతున్నాం. 80 కిలోల బస్తాకి ఏ దేశం పిక్కలో ఎంత పప్పు దిగుతోంది, అందులో 180 ఎంత, 320 ఎంత, బద్ద ఎంత, ఇదే మా వ్యాపారం. పక్క ఫ్యాక్టరీవాడికి కూడా చెప్పం. ఆ మెషీన్ పొద్దుటి నుంచి రాత్రి దాకా దాన్నే లెక్కపెడుతోంది. అదంతా పెద్ద కంపెనీ కంప్యూటర్లలోకి వెళ్తే, పలాస మొత్తం మీద ఏ రోజు ఎంత సరుకు ఉందో వాళ్లకి తెలిసిపోతుంది. మాకు ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలియదు. రేపు అది పెద్ద కొనుగోలుదారు చేతిలో పడితే మా ధర మేం చెప్పుకోగలమా?

కాశీబుగ్గ_కుర్రాడు:
బాబాయ్, క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన వాళ్లు చూడరు, ఒప్పందంలో రాసుకుంటే చూడకూడదు కూడా. కానీ మా టర్మ్ షీట్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదన్నది నిజం.

గ్రేడింగ్‌కి అసలు క్లౌడ్ అక్కర్లేదు, మెషీన్ పక్కనున్న చిన్న కంప్యూటర్ చాలు. ఫొటోలు చూపించి మెషీన్‌కి గ్రేడ్లు నేర్పించే పనికే క్లౌడ్ కావాలి. ఫ్యాక్టరీ పేరు, బస్తాల లెక్క తీసేసి ఫొటోలు మాత్రమే పంపేలా మార్చగలం. రోఫర్ బదులు, ఎవరైనా కొనడానికి వస్తే తెలియజేస్తాం అని మాత్రమే రాయమని అడుగుతాను. ఒప్పుకోకపోతే, దరఖాస్తులు తీసుకుంటుంటే సీడ్ ఫండ్‌కి అప్లై చేస్తాం.

గంటస్తంభం_విజయనగరం:
అడుగు, తప్పులేదు. కానీ ఒప్పుకోలేదని వదులుకోకు. ఈ ఏడాది సీజన్ దాటితే నువ్వు చేసే మెషీనే ఇంకొకడు తెచ్చి పలాసలో పెడతాడు.

పలాస_జీడి:
డేటా షరతు రాశాక ఆ కాగితం తెలుగులో నాకు చూపించు బాబూ. మిగతా ఫ్యాక్టరీలవాళ్లతో నేనే మాట్లాడతాను. అప్పటిదాకా మా మెషీన్ నుంచి ఒక్క ఫొటో కూడా బయటికి పంపకు.